నేను దూకని జెట్

మా వైపు ఎవరి చేలో డ్రోన్ దించినా ముందు మంచినీళ్ళు ఇస్తారు, ఆ వెంటనే అడుగుతారు. "జెట్టు విమానంలోంచి దూకింది నువ్వే గదమ్మా?"

"కాదండీ. ఎక్కాను గానీ దూకలేదు," అంటాను.

వాళ్ళు నవ్వుతారు. "చూశావా, ఎంత అణకువో!" అని పక్కవాళ్ళతో అంటారు. పిల్లల్ని పిలిచి నాతో సెల్ఫీ దిగమంటారు. మిరపతోటలకీ పత్తిచేలకీ డ్రోన్‌తో మందు కొట్టడం ఇప్పుడు నా పని. పొద్దున్నే గట్ల వెంట తిరిగి జీపీఎస్‌లో పొలం మూలలు గుర్తుపెట్టి, ట్యాంకులో మందు కలిపి పోసి పైకి లేపుతాను. పని అయిపోయేలోపు ఇంకో ఇద్దరు వచ్చి అదే మాట అడుగుతారు. నేనూ అదే జవాబు చెబుతాను. ఇన్నేళ్ళలో ఒక్కరు కూడా "అయ్యో, ఎందుకు దూకలేదమ్మా?" అని అడగలేదు. తమ వైపు పిల్ల జెట్‌లోంచి దూకిందన్న మాట వాళ్ళకి బాగుంది. దాన్ని నేను పాడుచేస్తున్నానన్నట్టు చూస్తారు.

మాది పెదకాకాని పక్కన చిన్న ఊరు. నాన్నకి గుంటూరులో పరుపుల కొట్టు ఉంది. సాయిబులమే అయినా తరతరాలుగా ఇక్కడివాళ్ళం, ఇంట్లో మాట తెలుగే. తాతలు ఊరూరా తిరిగి దూది ఏకేవాళ్ళు. నాన్న కొట్టులో మిషన్ పెట్టాడు. నేను బడి నుంచి సరాసరి కొట్టుకే వెళ్ళేదాన్ని. జుట్టు నిండా దూది నుసి పట్టుకుని ఉండేది. క్లాసులో నన్ను ముసలమ్మా అని పిలిచేవాళ్ళు.

డిగ్రీలో ఎన్‌సీసీలో చేరితే పారాచూట్ శిక్షణకి ఆగ్రా పంపారు. అక్కడ దూకింది పంకాలు తిరిగే విమానంలోంచి. మొదటిసారి కళ్ళు మూసుకుని దూకాను. రెండోసారి తెరిచి ఉంచాను. ఇంటికొచ్చాక అమ్మ నా కాళ్ళూ చేతులూ తడిమి చూసి, "అయిపోయింది గదా, ఇంక చాలు," అంది. నాకు అప్పుడే మొదలైంది.

ఆ రోజుల్లోనే సార్ పరిచయమయ్యారు. సైన్యంలో పారాచూట్ దళంలో పనిచేసి రిటైరయ్యారు. ఇల్లు చీరాల పక్కన వాడరేవులో. సాహస క్రీడలు నేర్పే ఒక కంపెనీకి కోచ్‌గా ఉంటూ, మా కాలేజీకి మాట్లాడటానికి వచ్చారు. నన్ను తన దగ్గరికి పంపమని అడగటానికి నాన్న కొట్టుకే వచ్చి, చుట్టిపెట్టిన పరుపు మీద కూర్చున్నారు.

"ఏందండీ, ఆడపిల్లని పైనుంచి కిందకి తోస్తారా?" అన్నాడు నాన్న.

"తొయ్యనండి. తనే దూకుద్ది. ముందు నేను దూకి, తనొచ్చేసరికి కింద నిలబడి ఉంటా."

నాన్నకి ఆ మాట నచ్చింది. టీ తెప్పించాడు.

సార్ అన్న మాట నిలబెట్టుకున్నారు. ఎక్కడ దూకినా ముందు ఆయన దిగి, తల ఎత్తి నాకోసం చూస్తూ ఉండేవారు. సెలవు దొరికితే నేను వాడరేవు వెళ్ళేదాన్ని. ట్రాక్టర్ ట్రక్కు మీద నుంచి ఇసుకలోకి దూకించి, దెబ్బ తగలకుండా దొర్లడం నేర్పేవారు. చేపలు ఎండబెట్టుకునే ఆడవాళ్ళు పని ఆపి చూసేవాళ్ళు. "అన్నిసార్లు పడతన్నావు, నడుం ఇరగదంటే?" అని ఒకామె అడిగేది. మధ్యాహ్నం ఆంటీ, అంటే సార్ భార్య, చేపల పులుసుతో అన్నం పెట్టేది. వాళ్ళకి పిల్లల్లేరు. సార్ నన్ను "మా అమ్మాయి" అని ఎవరికైనా పరిచయం చేసినప్పుడు నాకు గర్వంగా ఉండేది. ఇప్పుడు ఆ మాట తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

నాకు జీపీఎస్ నేర్పిందీ ఆయనే. పైనుంచి దూకే మనిషి నిట్టనిలువుగా కింద పడడు. విమానం వేగం కొంత దూరం లాక్కుపోతుంది, గాలి ఇంకో వైపు తోస్తుంది. అదంతా లెక్కవేసి, ఎక్కడ దూకితే అనుకున్న మైదానంలో దిగుతామో చెప్పాలి. దాన్ని స్పాట్ చెప్పడం అంటాం. చిన్న విమానంలో తలుపు దగ్గర తల బయటికి పెట్టి కిందికి చూస్తే సగం తెలిసిపోతుంది. నాకు చూపుతో చెప్పడం కంటే జీపీఎస్‌తో చెప్పడం బాగా వచ్చింది. సార్ నన్ను రైలెక్కించి నేర్పారు. గుంటూరు నుంచి చీరాల వెళ్ళేటప్పుడు కిటికీకి జీపీఎస్ ఆనించి పట్టుకుని, దూరంగా ఉన్న ఏ వాటర్ ట్యాంకో, చర్చి గోపురమో ఎదురుగా రావడానికి ముందే "ఇప్పుడు" అని చెప్పాలి. ముందే చెప్పాలి. వచ్చాక చెబితే దాటిపోయినట్టే.

ఒకసారి ఎదురు సీటులో పంచె కట్టుకున్న పెద్దాయన చాలాసేపు నన్నే చూసి, "ఏందమ్మా కొలుస్తన్నావు? ఈసారి ఎవరి పొలం పోయిద్ది?" అన్నాడు. సర్వే వాళ్ళమనుకున్నాడు. సార్ నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నారు.

ఆ తర్వాత కంపెనీ వాళ్ళతో థాయ్‌లాండ్ వెళ్ళే అవకాశం వచ్చింది. అక్కడ స్కైడైవింగ్ ఉత్సవం ఒకటి జరుగుతుంది. వేరే వేరే దేశాల జట్లు వస్తాయి. ఆ ఏడు అందరినీ ఊరించిన విషయం జెట్. మామూలుగా జెట్ విమానంలోంచి దూకనివ్వరు. వేగం ఎక్కువ, తలుపు తెరవడం కుదరదు. తోక కింద మెట్లుండే పాత రకం ప్రయాణికుల విమానం ఒకటి వాళ్ళు సంపాదించారు. ఆ మెట్లు తీసేసి, వెనక తెరిచి ఉంచి ఎగరొచ్చు. ఒక్కో జట్టుకి ఒక్కసారే. నేను ఎన్నో రాత్రులు నిద్రపోకుండా ఆ తోక గురించే ఆలోచించాను.

జట్టులో ఒకరు విమానంలోనే ఉండి స్పాట్ చెప్పాలన్నది అక్కడి నియమం. జెట్‌లో తోక దగ్గర నుంచి కిందికి చూస్తే ఏమీ అంచనా దొరకదు, చూసేలోపే ఊళ్ళు దాటిపోతుంది. ఎవరుంటారన్న ప్రశ్నే రాలేదు. "నా మోకాళ్ళకి జెట్ ఎందుకమ్మా? నేను లోపల కూర్చుని మిమ్మల్ని దింపుతా," అని సార్ మొదటి రోజే అన్నారు. మిగతా జట్టంతా మగవాళ్ళు, వేరే వేరే రాష్ట్రాల వాళ్ళు. అందరం సరే అన్నాం.

నేను బయల్దేరిన మర్నాడే నాన్న మా ఊరి సెంటర్లో ఫ్లెక్సీ కట్టించాడు. నా ఫోటో, వెనక విమానం బొమ్మ, కింద నాన్న ఫోటో, కొట్టు పేరు. "జెట్ విమానం నుండి దూకిన మన ఊరి ఆడపడుచుకు అభినందనలు." బాబాయి దాన్ని వాట్సాప్‌లో పంపాడు. నేను నవ్వుకుని, "ఇంకా దూకలేదు నాన్నా," అని పెట్టాను. "నువ్వు దూకకుండా ఎందుకుంటావు?" అని జవాబొచ్చింది.

దూకే రోజు పొద్దున, పాత రన్‌వే పక్కన రేకుల షెడ్డులో అందరం పారాచూట్లు తగిలించుకుంటున్నాం. జెట్ ఇంజన్లు ఆన్ చేసి ఉన్నాయి. కిరసనాయిలు వాసన గొంతులోకి పోతోంది. సార్ నా దగ్గరికి వచ్చారు. ఆయన ఒంటి మీద జంప్ సూట్ ఉంది. హెల్మెట్ పెట్టుకుని ఉన్నారు. విమానంలో కూర్చునేవాళ్ళు కూడా ప్రాణ రక్షణ కోసం పారాచూట్ కట్టుకోవాలి కాబట్టి నాకు అనుమానం రాలేదు. జీపీఎస్ నా చేతిలో పెట్టారు.

"ఇవాళ స్పాట్ నువ్వు చెప్పమ్మా."

నాకు అర్థం కాలేదు. "దూకేటప్పుడు ఎట్లా చెప్తాను సార్?"

"నువ్వు లోపల ఉండు. నేను వెళ్తా. నీ అంత కచ్చితంగా ఇక్కడ ఇంకెవరూ చెప్పలేరు. మళ్ళీ ఏడు నువ్వే ముందు."

పేర్లు అప్పటికే మార్చేశారు. నిర్వాహకుల దగ్గర ముందురోజు సాయంత్రమే మార్చారట. జట్టులో మిగతావాళ్ళు బూట్ల తాళ్ళు కట్టుకుంటూ నా వైపు చూడలేదు. అప్పుడు తెలిసింది, అందరికీ తెలుసని. నాకొక్కదానికే తెలియదు.

కుదరదని అరిచి ఉండొచ్చు. అరవలేదు. ఆయన నా గురువు, రన్‌వే మీద విమానం సిద్ధంగా ఉంది, చుట్టూ పరాయి దేశం వాళ్ళు. "సరే సార్" అన్నాను. ఆ రెండు మాటలు నా నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చాయో తలుచుకుంటే ఇప్పటికీ ఆశ్చర్యం వేస్తుంది.

విమానం లోపల సీట్లన్నీ పీకేశారు. వాళ్ళు నేల మీద వరసగా కూర్చున్నారు. లోపల సిగ్నల్ సరిగా అందదు కాబట్టి నేను వెనక కిటికీ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని జీపీఎస్‌ని అద్దానికి టేపుతో అంటించాను. చెవులకి హెడ్‌సెట్. తోక దగ్గర నడుముకి పట్టీ కట్టుకుని ఒక తెల్లాయన నిలబడ్డాడు. నేను మాట చెబితే ఆయన పచ్చదీపం వేస్తాడు, వీళ్ళు దూకుతారు. పైకి వెళ్ళాక ఆయన వెనక అడ్డు తీశాడు. గాలి హోరుమంటూ లోపలికి కొట్టింది. తెరిచిన చోట నుంచి తెల్లటి వెలుగు తప్ప ఇంకేం కనపడలేదు.

సార్ అందరికంటే ముందు నిలబడ్డారు. ఒకసారి వెనక్కి తిరిగి బొటనవేలు చూపించారు. నేను ఆయన మొహం చూడలేదు, అద్దం మీద అంకెలు చూశాను. మైదానం దగ్గరకొస్తోంది. పొద్దున చెప్పిన గాలిని మనసులోనే కలుపుకున్నాను. రైల్లో చెప్పినట్టే, ముందుగా, "ఇప్పుడు" అన్నాను. తెలుగులోనే అన్నాను. వెంటనే తేరుకుని ఇంగ్లీషులో చెప్పాను. దీపం వెలిగింది. సార్ మెట్టు దిగినట్టు దిగి మాయమైపోయారు. ఆయన వెనకే మిగతావాళ్ళు. బస్సు దిగుతున్నట్టు ఒకళ్ళ వెనక ఒకళ్ళు వెళ్ళిపోయారు. అంత పెద్ద విమానంలో నేనూ, ఆ తెల్లాయనా మిగిలాం.

ఆయన నా వైపు చూశాడు. నా వీపు మీద పారాచూట్ చూశాడు. ఏం జరిగిందో పొద్దున షెడ్డులో ఆయన కంటపడే ఉంటుంది. తెరిచిన తోక వైపు చెయ్యి చూపించి, వెళ్తావా అన్నట్టు కనుబొమలు ఎగరేశాడు.

అద్దం మీద జీపీఎస్ పీక్కుని తోక దాకా వెళ్ళాను. గాలికి బుగ్గలు అదురుతున్నాయి. కాళ్ళ కింద పచ్చగా, దట్టంగా కనపడుతోంది. చేతిలో అంకె చూశాను. మైదానం వెనకపడిపోయింది. ఏ గాలికీ తిరిగి చేరలేనంత దూరం వచ్చేశాం. కింద ఉన్నది అడవి, దాని పక్కన చెరువు. ఆ అంకె చూడకపోతే దూకేసేదాన్ని. చూశాను. నాకు ఆయన నేర్పిందే అది. తల అడ్డంగా ఊపి వెనక్కి వచ్చి కూర్చున్నాను. తెల్లాయన నా భుజం మీద చెయ్యి వేసి, అడ్డు మూసేశాడు.

కిందికొచ్చేసరికి అందరూ మైదానం మధ్యలో ఒకళ్ళనొకళ్ళు కావలించుకుని గంతులేస్తున్నారు. గీసిన గీతలోనే దిగారట. సార్ కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. ఆ వయసులో ఆయన అంత సంతోషపడటం నేనెప్పుడూ చూడలేదు. నన్ను దగ్గరికి తీసుకుని, "బాణంలా దింపావమ్మా," అన్నారు. నేను జీపీఎస్ ఆయన చేతిలో పెట్టి షెడ్డులోకి పోయాను.

నాన్న ఫోన్ చేశాడు. "దూకావా?"

"లేదు నాన్నా. సార్ దూకారు. నన్ను లోపల ఉండమన్నారు."

వెనక దూది మిషన్ చప్పుడు వినిపిస్తోంది.

"ఫ్లెక్సీ కట్టేశాను గదమ్మా," అన్నాడు. తర్వాత, "ఎవరికీ చెప్పమాకు," అన్నాడు.

నాకు అప్పటిదాకా రాని ఏడుపు ఆ మాటకి వచ్చింది.

తిరిగొచ్చాక ఒక విలేకరి మా ఇంటికొచ్చాడు. కూర్చోబెట్టి మొత్తం చెప్పాను, దూకలేదనే చెప్పాను. మర్నాడు జిల్లా పేజీలో "దూదిపింజలా దిగిన పరుపుల కొట్టు అమ్మాయి" అని వచ్చింది. నాన్న దాన్ని కత్తిరించి కొట్టులో గోడకి అంటించాడు.

తర్వాత గుంటూరులో ఒక హాల్లో సన్మానం పెట్టారు. సార్‌కీ నాకూ పక్కపక్కన కుర్చీలు. శాలువాలు కప్పారు. వ్యాఖ్యాత గొంతు పెంచి, ఇద్దరం జెట్ విమానం నుంచి చేతులు పట్టుకుని దూకామని చెప్పాడు. జనం చప్పట్లు కొట్టారు. మైకు నా చేతికి వచ్చింది.

"నేను దూకలేదండీ. లోపల కూర్చుని జీపీఎస్ చూశాను. దూకింది సార్," అన్నాను.

చప్పట్లు ఆగిపోయాయి. నాకు ధైర్యం వచ్చింది. ఇప్పుడు ఆయన మైకు తీసుకుంటారు, ఆ చోటు ఈ పిల్లదని చెబుతారు అనుకున్నాను. వ్యాఖ్యాత మైకు లాక్కుని, "చూశారా! గురువుగారి ముందు తన గొప్ప చెప్పుకోవడానికి ఎంత సంకోచమో!" అన్నాడు. మళ్ళీ చప్పట్లు, ఈసారి ఇంకా గట్టిగా. సార్ శాలువా అంచు సర్దుకున్నారు. మాట్లాడే వంతు వచ్చినప్పుడు క్రమశిక్షణ గురించి, తల్లిదండ్రుల ప్రోత్సాహం గురించి మాట్లాడి కూర్చున్నారు.

చోటు తీసుకున్న సంగతి ఎప్పటికైనా మర్చిపోయేదాన్నేమో. ఆ హాల్లో ఆయన నోరు తెరవకపోవడం మర్చిపోలేదు.

ఆయన ఫోన్లు నేను ఎత్తడం మానేశాను. ఒకరోజు ఆయనే ఇంటికి వచ్చారు, ఆంటీ పంపిన ఎండు రొయ్యల పొట్లం పట్టుకుని. అమ్మ టీ ఇచ్చి లోపలికి వెళ్ళింది.

"ఎందుకమ్మా ఫోను ఎత్తడం లేదు?"

"ఎత్తి ఏం మాట్లాడను సార్?"

"నా వయసు చూడు. నాకింక ఎన్నేళ్ళున్నాయి దూకడానికి? నీకు బోలెడంత ముందుంది."

"ఆ ముక్క ఆ రోజు స్టేజీ మీద చెప్పాల్సింది. పిల్ల చోటు నేను తీసుకున్నానని."

ఆయన గ్లాసు చేతిలో తిప్పుతూ కూర్చున్నారు. "అంతమందిలో ఏం బాగుంటదమ్మా?"

"పోనీ, అంతకుముందు నన్ను అడగొచ్చుగా?"

"అడిగితే నువ్వు కాదనేదానివి కాదు."

"అందుకే అడగాల్సింది సార్."

టీ సగం తాగి లేచారు. గేటు దాకా నేను వెళ్ళలేదు. పొట్లం చాలా రోజులు అలమరలోనే ఉండిపోయింది, చివరికి అమ్మ పక్కింటికి ఇచ్చేసింది.

మళ్ళీ ఏడు అన్నది రానే లేదు. ఆ జెట్ పాతబడిపోయిందని ఎగరనివ్వడం ఆపేశారు. కంపెనీ కూడా కొంతకాలానికి మూతపడింది. ఈలోపు నేను చిన్న విమానాల్లోంచి చాలాసార్లు దూకాను. కానీ తలుపు దగ్గర నిలబడిన ప్రతిసారీ ఎవరో వెనక నుంచి భుజం తట్టి పక్కకి జరగమంటారేమో అనిపించేది. అలా దూకడంలో సంతోషం ఏముంటుంది? మానేశాను. డ్రోన్ నడపడం నేర్చుకున్నాను. మందు కొట్టే డ్రోన్ మీద మనుషులెవరూ ఎక్కరు, అది నాకు నచ్చింది. నాన్న మాత్రం కొట్టుకి వచ్చిన కొత్తవాళ్ళకి ఇప్పటికీ గోడ మీద పేపరు ముక్క చూపిస్తాడు. ముందు పోట్లాడేదాన్ని, ఇప్పుడు లేచి బయటికి వెళ్ళిపోతాను.

ఈమధ్య ఆంటీ ఫోన్ చేసింది. సార్‌కి రెండు మోకాళ్ళకీ ఆపరేషన్ అయిందని, నన్ను తలుస్తున్నారని చెప్పింది. "ఒక్కసారి వచ్చిపోమ్మా, నాకోసం," అంది. ఆమె చేతి అన్నం తిన్నాను కాబట్టి వెళ్ళాను. చీరాలలో బస్సు దిగి, రానూపోనూ ఆటో మాట్లాడుకుని ఎక్కాను. ఆదివారం కావడంతో వాడరేవు దారంతా కార్లు, సముద్రానికి వచ్చిన కుర్రాళ్ళ కేకలు.

వరండాలో కుర్చీలో కూర్చుని ఉన్నారు, కాళ్ళు స్టూలు మీద చాపుకుని. చాలా చిక్కిపోయారు. వెనక గోడకి పెద్ద ఫోటో: జెట్ తోక కింద గాల్లో ఆయన, చేతులు చాచి. ఆంటీ కుర్చీ వేసింది. నేను కూర్చున్నాను. మోకాళ్ళ గురించి అడిగాను, చెప్పారు. డ్రోన్ల గురించి అడిగారు, చెప్పాను.

"ఒకటి ఎప్పుడూ అడగలేదమ్మా," అన్నారు చివరికి. "మేం దూకేశాక లోపల ఎట్టా ఉంది?"

నా వైపు ఆశగా చూస్తున్నారు. తోక దాకా నడిచి వెళ్ళిన సంగతి, తెల్లాయన చెయ్యి చూపించిన సంగతి, చేతిలో అంకె సంగతి ఆయనకి తెలియదు. తెలుసుకునే హక్కు తనకుందని అనుకుంటున్నట్టున్నారు. చెబితే ఆయన ఏడుస్తారు, నేను ఓదార్చాలి. ఆ పని నాకిష్టం లేకపోయింది.

"ఖాళీగా ఉంది సార్," అన్నాను.

ఇంకేమైనా చెబుతానేమోనని ఎదురుచూశారు. నేను బ్యాగు తీసుకుని లేచాను. ఆంటీ వాకిలి దాకా వచ్చి, "భోంచేసి పోకూడదా? మళ్ళీ ఎప్పుడొస్తావు?" అంది.

"మిరపకి తామరపురుగు పట్టింది ఆంటీ, తీరిక లేదు," అన్నాను. అది నిజమే. ఆటోవాడు బండి స్టార్ట్ చేసే ఉంచాడు, ఎక్కేశాను.